పట్టణపు మేడలలో గాలియు నిద్రయు



పట్టణమున బిడ్డలు కాపురములేని పల్లెటూరి యిల్లు నేడు అరుదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో కుమారుడో కుమార్తెయో ఉద్యోగరీత్యా స్థిరపడుదురు. వారు అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొనదలచినప్పుడు, పల్లెలోని పెద్దలు ఎకరమో అరయెకరమో అమ్మియైనను కొంత సొమ్ము సర్దుదురు. పిమ్మట వైద్యము నిమిత్తమో, మనుమల ఆలనాపాలన నిమిత్తమో తామును వెళ్ళి ఆ యింట నెలల తరబడి యుందురు. ఇల్లు కొనునప్పుడు వాస్తు చూతురు, నీటి వసతి చూతురు, దస్తావేజులు చూతురు. ఆ యింట రాత్రివేళ గాలి ఎటనుండి వచ్చును, నిద్ర యెట్లు పట్టును అను రెండు ప్రశ్నలు అడుగువారు మాత్రము తక్కువ. నేటి ప్రసంగము ఆ రెండు ప్రశ్నలను గుఱించియే.

పల్లెటూరి యింట ఇవి రెండును వేఱు వేఱు ప్రశ్నలు. కిటికీ తెఱచిన గాలి వచ్చును; దానివెంట వచ్చు చప్పుడు ఏ కోడికూతయో, పశువుల మెడగంటలో తప్ప నిద్ర చెఱచునది కాదు. నగరములో పెద్దరోడ్డు ప్రక్కనున్న మేడలో ఇవి రెండును కలిసి ఒకే చిక్కుప్రశ్న యగుచున్నవి. కిటికీ తెఱచినచో లారీల మ్రోతయు, హారనుల కేకయు పడకమీదికి వచ్చును. మూసినచో గాలి యాగిపోవును. తండ్రి "ఊపిరాడుట లేదు నాయనా, కిటికీ తెఱవుము" అనును. కుమారుడు "తెఱచిన నిద్రపట్టదు నాన్నగారూ, ఏసీ యున్నది గదా" అనును. ఇద్దఱి మాటలలోను నిజమున్నది. అయినను గాలియో, నిద్రయో, ఏదో యొకటి వదలుకొనక తప్పదనుట మాత్రము నిజము కాదు. గాలికి దారి విడిచి చప్పుడు నడ్డగించుట సాధ్యమైన పనియే. అది యెట్లో, ఇల్లు కొనకముందే దానిని ఎట్లు విచారింపవలెనో మనవి చేసెదను.

మొదట చప్పుడు సంగతి. శబ్దమును కొలుచుటకు డెసిబెల్ అను మానము వాడుకలో నున్నది. ఈ లెక్క మన శేరు, తవ్వల లెక్కవంటిది కాదు. పది డెసిబెల్‌లు పెరిగినచో శబ్దపు శక్తి పదింతలగును; ఇరువది పెరిగినచో నూఱింతలగును. మన చెవికి మాత్రము పది పెరిగినప్పుడు మ్రోత సుమారు రెట్టింపైనట్లు తోచును. చెవిలో చెప్పు రహస్యము 30 డెసిబెల్‌ల ప్రాంతమున నుండును. ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుట 60. బండ్లు ఎడతెగక తిరుగు రోడ్డు ప్రక్కన 70 మొదలు 80 వఱకు నుండును.

మన కేంద్రప్రభుత్వము 2000 సంవత్సరమున చేసిన శబ్దకాలుష్య నియమములను బట్టి, నివాసప్రాంతములలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్‌లు మించరాదు. రాత్రి యనగా పదిగంటలు మొదలు ఉదయము ఆఱుగంటల వఱకు. 2011లో దేశమునందలి ఏడు మహానగరములలో శబ్దమును నిరంతరము కొలుచు కేంద్రములను నెలకొల్పిరి. ఆ యేడింటిలో హైదరాబాదు ఒకటి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లో ప్రకటించిన సూచనలలో, పడకగది లోపల రాత్రివేళ సగటు శబ్దము 30 డెసిబెల్‌లకు మించకుండుట మేలని చెప్పబడినది. అదే సంస్థ 2018లో ఐరోపాఖండపు దేశముల కొఱకు వెలువరించిన గ్రంథములో, రోడ్డు మ్రోతకును గుండెజబ్బునకును సంబంధము కలదని అంగీకరింపబడినది.

"కొన్నాళ్ళకు అలవాటైపోవును" అని కొందఱందురు. మనస్సునకు కొంత అలవాటగుట నిజమే. కాని నిద్రించువాడు మేల్కొనకున్నను, మ్రోత చెవిని బడినప్పుడెల్ల గుండె వేగము మాఱుచునే యుండును, రక్తపు పోటు హెచ్చుచునే యుండును. వయస్సు మళ్ళినవారి నిద్ర సహజముగనే పలుచనిది. ఒకసారి తెలివివచ్చినచో మరల పట్టుట కష్టము.

ఇక మూసిన గది సంగతి. నిద్రించుచున్న మనుష్యుడు గంటకు సుమారు 12 లీటర్ల బొగ్గుపులుసు వాయువును ఊపిరితో విడుచును. పదియడుగుల వెడల్పును, పండ్రెండడుగుల పొడవును, పదియడుగుల ఎత్తును గల గదిలో 1,200 ఘనపుటడుగుల గాలి, అనగా సుమారు 34,000 లీటర్లు పట్టును. వెలుపలి గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు 420 పాళ్ళకు కొంచెము పైగా నున్నది. ఆ గదిలో ఇద్దఱు పరుండి, గాలి చొరకుండ తలుపులును కిటికీలును బిగించినచో, గంట గంటకు ఇంచుమించు 700 పాళ్ళ చొప్పున అది పెరుగును. సందులగుండ కొంత గాలి వచ్చుచు పోవుచు నుండుటచే లెక్కప్రకారము పెరుగకపోయినను, తెల్లవాఱునప్పటికి 2,000 పాళ్ళు దాటుట అట్టి గదులలో సాధారణము.

ఈ మాత్రము బొగ్గుపులుసు వాయువు విషము కాదు. గాలి మాఱుటలేదు అని తెలుపు గుర్తు అది. దానితోపాటు చెమట వాసనయు, ఊపిరిలోని తడియు, ఒకరికి జలుబున్నచో ఆ జబ్బు క్రిములును గదిలోనే నిలిచిపోవును. ఇద్దఱు మనుష్యులు ఒక రాత్రి ఊపిరిద్వారమునను చర్మద్వారమునను విడుచు నీరు అరలీటరుకు పైగా నుండును. బీరువా వెనుకను, గోడమూలలను పట్టు బూజునకు ఈ తడి యొక కారణము. జర్మనీదేశపు మ్యూనిక్ నగరమున నుండిన మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అను శాస్త్రజ్ఞుడు 1858లోనే నివాసగృహములలో బొగ్గుపులుసు వాయువు 1,000 పాళ్ళకు మించరాదని హద్దు సూచించెను. నిద్రించువారి విషయమున ఆ హద్దు నిలుపవలెనన్న ఒక్కొక్కరికి గంటకు సుమారు 20 ఘనమీటర్ల, అనగా 700 ఘనపుటడుగుల, క్రొత్త గాలి కావలెను.

ఇచట ఒక భ్రమ తొలగింపవలసి యున్నది. గోడకు తగిలించు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే పీల్చి, చల్లార్చి, మరల గదిలోనికే విడుచును. అది వెలుపలి గాలిని తెచ్చునది కాదు. పైకప్పునకు వ్రేలాడు పంకా సంగతియు అంతే; ఉన్న గాలిని కదలించునే గాని క్రొత్తగాలి నియ్యదు. ఎయిర్ కూలరు కిటికీలో నమర్చినచో వెలుపలి గాలిని తెచ్చును గాని, ఆ సందుగుండ వీథిమ్రోతయు వచ్చును. కావున "ఏసీ యున్నది గదా" అనుట వేడికి సమాధానమే గాని ఊపిరికి సమాధానము కాదు.

గాలియు చప్పుడును ఒకే కన్నమున వచ్చునపుడు, ఒకదానిని రానిచ్చి రెండవదానిని ఆపుట యెట్లు? దీనికి రెండింటి స్వభావమును తెలియవలెను. పదియడుగుల ఎత్తు, పదియడుగుల వెడల్పు గల తొమ్మిదంగుళముల ఇటుకగోడ నొకదానిని తలచుకొనుడు. రెండువైపుల పూతపూసిన అట్టి గోడ సుమారు 50 డెసిబెల్‌ల శబ్దము నాపును. అనగా లక్షపాళ్ళలో ఒక్కపాలే లోనికి వచ్చును. ఆ గోడలో ఒక్క చదరపుటడుగు కన్నము చేసినచో, గోడలో నూఱవ వంతు మాత్రమే తెఱచితిమి. కాని ఆ కన్నముగుండ నూఱు పాళ్ళలో ఒకపాలు శబ్దము నేరుగా వచ్చును. 50 డెసిబెల్‌ల కోట 20 డెసిబెల్‌ల దడియై పోయెను! ప్రక్కకు జరుపు అల్యూమినియము స్లైడింగు కిటికీలు మూసియున్నను మ్రోత నంతగా ఆపలేకుండుటకు కారణము ఇదియే. అద్దము పలుచన యగుట యొకటి. పట్టాలవెంట, అంచులవెంట సన్నని సందులుండుట రెండవది.

అయినను గాలికి లేని దౌర్బల్య మొకటి చప్పుడునకు కలదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో వాలేస్ సబైన్ అను ఆచార్యునకు ఒక ఉపన్యాసశాలను బాగుచేయు పని అప్పగింపబడెను. ఆ శాలలో మాటలు మాఱుమ్రోగి ఒకదానిపై నొకటి పడి, వినువారికి అర్థమగుట లేదు. ఆయన ఊరు సద్దుమణగిన రాత్రివేళలలో, సమీపమున నున్న వేఱొక శాలనుండి ఆసనముల మెత్తలను తెప్పించి పఱచుచు, ఎన్ని మెత్తలకు మాఱుమ్రోత ఎంత శీఘ్రముగా అణగునో కొలిచి చూచెను. దూది, ఉన్ని, దూదివంటి నారలు గల వస్తువులలో చొచ్చిన శబ్దము ఆ నారల సందులలో రాచుకొని, లేశమాత్రపు వేడిగా మాఱి నశించును. గాలికి అట్టి నాశనము లేదు. మెత్తలు పఱచిన సొరంగములో మెల్లగా నడచు గాలి ఎన్ని మలుపులు తిరిగినను అవతలికి చేఱును. శబ్దము మాత్రము మలుపు మలుపునకు క్షీణించును. చప్పుడు లేని వాయుప్రసారమునకు మూలసూత్రము ఇంతియే: గాలిని తిన్నగా గాక, మెత్తని గోడలు గల వంకరదారిని రప్పింపవలెను.

ఈ సూత్రమును ఇండ్లలో నాలుగు విధముల అమలు జరుపుచున్నారు.

మొదటిది గదుల యమరిక. ఇందులో యంత్రము లేదు, ఖర్చు తక్కువ. మన పెద్దలు కట్టిన మండువా లోగిలిని స్మరింపుడు. వీథివైపున మందమైన గోడ; నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా; గదులకు వెలుగును గాలియు ఆ నడిమి చోటునుండి. వీథిలో ఎంత సందడియున్నను ఇల్లు దానికి వీపు త్రిప్పి కూర్చుండును. మేడల విషయమునను ఇదియే నీతి. రోడ్డువైపున మెట్లు, లిఫ్టు, వంటయిల్లు, స్నానపుగది ఉంచి, పడకగదులను వెనుకవైపునకో లోపలి పెరటివైపునకో త్రిప్పినచో, భవనమే తెరయై నిలిచి మ్రోతను పది యిరువది డెసిబెల్‌లు తగ్గింపగలదు. అయితే వంటయింటి పొగయు, స్నానపుగదుల వాసనయు పోవు ఇరుకు డక్టును పడకగదికి గాలిదారిగా చూపినచో అంగీకరింపరాదు.

రెండవది మెత్తలు పొదిగిన వాయుపేటిక. కిటికీపైననో గోడలోనో ఒక పెట్టెను అమర్తురు. వెలుపలి నోరు ఒకచోట, లోపలి నోరు మఱియొకచోట నుండి, నడుమ దారి వంకరగా నుండును. లోపల ఖనిజపు ఉన్నియో నురగ మెత్తయో అంటింతురు. కిటికీ మూసియున్నను దీనిగుండ గాలి వచ్చుచుండును. హారను వంటి సన్నని కీచు ధ్వనులను ఇది చక్కగా హరించును. లారీ ఇంజను వంటి బొంగురు ధ్వనిని అణచుటకు పలుచని మెత్త చాలదు. మందమైన మెత్తయు పొడవైన దారియు కావలెను.

మూడవది జంటకిటికీ. రెండు అద్దములను జానెడు దూరమున ఎదురెదురుగా నిలిపి, వెలుపలి అద్దమును ఒక ప్రక్కను, లోపలి అద్దమును రెండవ ప్రక్కను తెఱచి యుంచుదురు. గాలి రెండద్దముల నడుమ అడ్డముగా నడచి లోనికి వచ్చును. శబ్దము దారిలో కొంత సన్నగిల్లును. స్థలము చాలక రహదారుల అంచుననే మేడలు కట్టవలసివచ్చిన హాంగ్‌కాంగ్ నగరమున 2010 తరువాతి దశకములో ఇట్టి కిటికీలను ప్రభుత్వగృహములలో అమర్చిరి. మామూలు కిటికీ తెఱచియుంచుటకన్న దీనివలన ఎనిమిది డెసిబెల్‌ల వఱకు మేలు కలుగును. విద్యుచ్ఛక్తి లేకున్నను పనిచేయుట దీని గుణము.

నాల్గవది పంకాతో గాలి తెచ్చు పద్ధతి. ఇంటి నెమ్మదివైపున నోరుంచి, దుమ్ము వడగట్టు జల్లెడద్వారా గాలిని పీల్చి, మెత్తలు పొదిగిన గొట్టములగుండ గదులకు పంపుదురు. చెడుగాలిని స్నానపుగదిలోని ఎగ్జాస్టు పంకా వెడలగొట్టును. ఇందులో పంకాయే చప్పుడు చేయకుండ చూచుకొనవలెను. పంకా వేగము సగమునకు తగ్గించినచో దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గును, గాలియు సగమగును. కావున చిన్నపంకాను వడిగా త్రిప్పుటకన్న పెద్దపంకాను మెల్లగా త్రిప్పుట మేలు. పంకాను గోడకు బిగించుచోట రబ్బరు మెత్తలు వేయవలెను. జల్లెడను వేళకు మార్చనిచో గాలి రాదు. ఈ సంగతి కొన్ననాడే తెలిసికొనవలెను.

ఇంగ్లండు దేశమున ఈ విషయమును శాసనముల వఱకు తీసికొనిపోయిరి. అచ్చట 1975 నాటి నిబంధనలను బట్టి, క్రొత్తరోడ్డు వలన మ్రోత నిర్ణీతమైన హద్దు మించిన యిండ్లకు, శబ్దము నాపు రెండవ కిటికీతోపాటు గాలి నిచ్చు పంకాపెట్టెను గూడ అమర్చు నేర్పాటు కలిగెను. కిటికీ మూయుమని చెప్పినవారే గాలియు చూపవలెనను న్యాయము ఇందులో నున్నది. 2022 జూనులో అమలునకు వచ్చిన మఱియొక నిబంధన క్రొత్తయిండ్లకు సంబంధించినది. రాత్రి పదకొండు మొదలు ఉదయము ఏడుగంటల వఱకు పడకగదిలో సగటు శబ్దము 40 డెసిబెల్‌లు మించునచో, ఆ యింటివారు కిటికీ మూసికొందురనియే యెంచి, వేడి తగ్గుటకు వేఱు మార్గము చూపవలెను. మన భవననియమములలో గది వైశాల్యమును బట్టి కిటికీ యెంత యుండవలెనో లెక్క కలదు. ఆ లెక్క కిటికీ తెఱచియుండునను నమ్మకముపై నిలిచినది. రోడ్డుప్రక్క యింట రాత్రియంతయు మూసియుంచు కిటికీ కొలతకు సరిపోవును గాని ముక్కునకు చాలదు.

ఇక ఇల్లు చూడబోవునప్పుడు చేయవలసినది చెప్పెదను. అమ్మువారు ఆదివారము పగటిపూట చూపుదురు. మీరు మఱియొకమాఱు రాత్రి పదిగంటలకు వెళ్ళుడు. పడకగదిలో కిటికీ మూసి కొంతసేపు మాటలాడక కూర్చుండుడు. పిదప తెఱచి కూర్చుండుడు. రెండింటికి భేదము లేకున్నచో ఆ కిటికీ నామమాత్రమే. అంచులవెంట తడిచేయి త్రిప్పి గాలి తగులునేమో చూడుడు. స్లైడింగు కిటికీకన్న, మడతబందులపై తిరిగి, రబ్బరు పట్టీలపై బిగియు రెక్కల కిటికీ శబ్దమును బాగుగా ఆపును. పిదప కిటికీ మూసి, ఒక అగరువత్తి వెలిగించి, పొగ యెటు నడచునో చూడుడు. నిలువుగా లేచి గదిలోనే కమ్ముకొనుచున్నచో ఆ గదికి గాలిదారి లేదు. అప్పుడు "కిటికీ మూసినప్పుడు ఈ గదికి గాలి ఎటనుండి వచ్చును?" అని కట్టువారిని సూటిగా నడుగుడు. ఏసీ చూపినచో అది జవాబు కాదని మీకు తెలియును.

ఇప్పటికే కొనియున్నవారు సైతము కొంత చేసికొనవచ్చును. నెమ్మదివైపు గది పెద్దలకును పసివారికిని పడకకు ఇచ్చి, రోడ్డువైపు గదిని పగటివాడుకకు ఉంచుట మొదటిది. రోడ్డువైపు కిటికీల సందులను రబ్బరు పట్టీలతో మూసి, నెమ్మదివైపు కిటికీని కొంచెము తెఱచి, స్నానపుగది పంకాను తక్కువ వేగమున రాత్రియంతయు నడపుట రెండవది. గదుల తలుపుల క్రింద అరయంగుళము సందు విడిచినచో, గాలి నెమ్మదివైపునుండి ఇల్లంతయు తిరిగి పోవును. కాని ఒక్క హెచ్చరిక. గ్యాసుతో నీళ్ళు కాచు గీజరు గాని, బొగ్గుల కుంపటి గాని ఉన్నచోట వాయురంధ్రములను ఎన్నడును మూయరాదు. అచ్చట పుట్టు విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. అట్టి గీజరున్న స్నానపుగదిలో ఎగ్జాస్టు పంకా పొగను వెనుకకు లాగగలదు. ఆ గీజరును వెలుపలికి మార్పించిన పిమ్మటనే పంకా సంగతి తలపెట్టవలెను.

ఈ యేర్పాటులు ఊపిరికి వలసిన గాలిని ఇచ్చునవే గాని, వైశాఖమాసపు ఉక్కను తీర్చునవి కావు. ఉక్కకు పంకాయో ఏసీయో ఉండవలసినదే. వానితోపాటు ఒక చిన్న గాలిదారియు ఉండవలెననుటయే నా మనవి. ఇల్లు కట్టునప్పుడు గోడలో ఒక గొట్టము విడుచుట స్వల్పమైన పని. కట్టిన పిమ్మట కాంక్రీటు గోడను తొలిచి పెట్టుట ఖర్చుతోను, సంఘమువారి అనుమతితోను కూడిన పని. కొనువారు అడుగనిదానిని కట్టువారు పెట్టరు. పొలము విలువ మీకు తెలియును. దానినిచ్చి కొను గదిలో రాత్రి ఊపిరియు నిద్రయు రెండును ఉన్నవో లేవో, బయానా ఇయ్యకముందే అడిగి తెలిసికొనుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.